తెల్లకణాలు నాగా పెట్టిన రోజులు

రక్తపరీక్ష అంటే ఇప్పటి పిల్లలకు ఎంత సుఖమో! సీసాను మిషన్ కింద పెట్టి మీట నొక్కుతారు. చాయ్ తాగి వచ్చేసరికి కాగితం బయటికి వచ్చి వేలాడుతూ ఉంటుంది. ఆ అంకె డాక్టరుకు నచ్చకపోతే మిషన్‌ను తిట్టుకోవాలి, మిషన్‌కు నోరుండదు. మా కాలంలో ఆ మిషన్ నేనే. నాకు నోరుంది.

ఆ నోటి సంగతి దుర్గాపూర్ నుంచి మాజ్రి దాకా గనుల్లో పనిచేసే ప్రతి ఇంటికీ తెలుసు కనుక ఇక్కడ దాచిపెట్టి లాభం లేదు. చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ బొగ్గుగనుల పక్కన ఒక చిన్న దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నా ఉద్యోగమంతా గడిచింది. మా నాన్న బొగ్గు తవ్వడానికి తెలంగాణ నుంచి వచ్చినవాడు. నేను చంద్రపూర్ కాలేజీలో బీఎస్సీ, నాగపూర్‌లో ల్యాబ్ కోర్సు చదివి, ఆ బొగ్గు మనుషుల రక్తం చూసే పనిలో కుదిరాను. గడువుకు ముందే స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాక, ఉద్యోగంలో ఉండగా చెప్పలేకపోయిన మాటలు రాద్దామని చూస్తే అలాంటివేవీ దొరకలేదు. అన్నీ అప్పటికప్పుడే చెప్పేశాను. అందుకని, అప్పుడు చెప్పినా ఎవరూ నమ్మని ఒక సంగతి రాస్తున్నాను. ల్యాబుల్లో కొత్తగా చేరే అమ్మాయిలూ అబ్బాయిలూ చదవాలి. మా ఊళ్ళో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు చదవడం రాదు, అది వేరే తగాదా. చదవగలిగినవాళ్ళు పక్కవాళ్ళకు చదివి వినిపించండి.

దేశం తలుపులు తెరుస్తున్నారని పేపర్లన్నీ రాస్తున్న రోజులవి. మా దగ్గర మాత్రం ఉన్న తలుపులు మూస్తున్నారు. దుకాణాల్లోకి కొత్త కూల్‌డ్రింకులు వచ్చాయి, క్వార్టర్ల మీదికి కేబుల్ తీగలు వచ్చాయి, గనుల్లోకి కాంట్రాక్టర్ల టిప్పర్లు వచ్చాయి. కొత్త ఉద్యోగాలు మాత్రం బంద్. మిగిలింది ఒకే ఒక్క కిటికీ. గనిలో పనిచేసే మనిషి జబ్బుపడి ఇక ఆ పని చేయలేడని డాక్టర్ల బోర్డు తేల్చితే, అతని మీద ఆధారపడిన ఒకరికి ఉద్యోగం దొరికేది. దాన్ని అందరూ 'అన్‌ఫిట్' అనేవాళ్ళు. బడి మొహం చూడని ముసలమ్మలు కూడా ఆ ఇంగ్లిష్ మాటను తప్పులేకుండా పలికేవాళ్ళు. కొడుకుంటే కొడుక్కి. కొడుకు లేకపోతే, అదే ఇంట్లో ఉంటూ మామ తిండి తింటున్న అల్లుడికి.

ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి.

మా నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన ఉండేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. బొగ్గు నింపిన టబ్బులను తాడుతో పైకి లాగే ఇంజను ఆయన చేతిలో ఉండేది. చెయ్యి గట్టి, మాట మెత్తన. ఎవరికీ కాదని చెప్పలేడు. ఆయనకు కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దల్లుడికి రాజురా దగ్గర పత్తిచేను ఉంది. చిన్నల్లుడికి మాజ్రి స్టేషన్ బయట పాన్‌డబ్బా ఉంది. ఈ అన్‌ఫిట్ రూలు చెవిన పడగానే ఇద్దరూ పెళ్ళాంపిల్లలతో సహా వచ్చి కాక క్వార్టర్లో దిగారు. ఉన్నవి రెండు గదులు. ముందు గది పెద్దాయనకు, వెనక గది చిన్నాయనకు. కాకా, ఆయన భార్య చిన్నమ్మా వరండాలోకి వచ్చారు. మామ మీద ఆధారపడి బతుకుతున్నామని రుజువు కావాలి కదా! చేను ఉన్నవాడు చేను కౌలుకిచ్చాడు. డబ్బా ఉన్నవాడు డబ్బాకు తాళం వేశాడు. ఇంకొకరి మీద ఆధారపడటానికి అంత కష్టపడిన మగవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

"ఏంది కాకా, నీ ఇంట్ల నువ్వే కిరాయికున్నట్టున్నవ్?" అని ఒకసారి అడిగాను.

"ఏం జెయ్యాలె బిడ్డా, ఇద్దరు ఆడివిల్లలాయె. పెద్దోన్ని పొమ్మంటే పెద్దది ఏడుస్తది, చిన్నోన్ని పొమ్మంటే చిన్నది ఏడుస్తది."

"మరి నిన్ను వరండల పండవెడితే ఎవరేడ్వాలె?"

"నాకు గాలి మంచిగొస్తది తియ్యి," అన్నాడు.

ఆ గాలితో పాటు దోమలు కూడా వచ్చాయి. వానలు వెనకపట్టిన రోజుల్లో కాకకు చలిజ్వరం పట్టుకుంది. ఇద్దరల్లుళ్ళూ చెరో రెక్కా పట్టుకుని దవాఖానాకు తీసుకొచ్చారు. రెక్క పట్టుకోవడంలో కూడా పోటీయే. ఒకరు ఇటు లాగితే ఒకరు అటు లాగడం వల్ల ఆ మనిషి గుమ్మంలోకి అడ్డంగా వచ్చాడు.

తెల్లకణాలను ఎలా లెక్కపెట్టేవాళ్ళమో కొంచెం చెప్పాలి, భయపడకండి. వేలి నుంచి తీసిన రక్తాన్ని ఒక మందునీళ్ళలో కలిపితే ఎర్రకణాలన్నీ కరిగిపోయి తెల్లవి మాత్రం మిగులుతాయి. దాన్ని సన్నటి గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో చూస్తూ గడి గడికీ ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. గీత మీద కూర్చున్నవాటితోనే తంటా. రెండు వైపుల గీతల మీదివే లెక్కలోకి వస్తాయి, మిగతా రెండు వైపులవి రావు. గీత మీద కూర్చుని నేనూ లోపలివాడినే అనేవాళ్ళను ఎవరిని ఉంచాలి, ఎవరిని వదలాలి అన్నది నాకు ఉద్యోగం మొదటి వారంలోనే నేర్పారు. కాకకు ఎవరూ నేర్పలేదు.

కాక రక్తంలో తెల్లకణాలు తక్కువగా ఉన్నాయి. నేను రాసి పంపించాను. వెంటనే తిరిగొచ్చింది.

మా డాక్టరు నాగపూర్ నుంచి కొత్తగా వచ్చిన మరాఠీ కుర్రాడు. తెలివైనవాడు, చురుకైనవాడు. ఒకటే జబ్బు: తన మనసులో ఉన్న అంకే కాగితం మీదికి రావాలనుకునేవాడు. రాకపోతే ల్యాబ్ గుమ్మంలో నిలబడి "పున్హా మోజా" అనేవాడు. మళ్ళీ లెక్కపెట్టు అని. పొద్దుటి పలకరింపు కూడా అదే అనిపించేది నాకు.

"జ్వరమంటే ఒంట్లోకి శత్రువు వచ్చాడని. శత్రువు వస్తే సైన్యం పెరగాలి. నీ సైన్యం తగ్గిందేమిటి? పున్హా మోజా," అన్నాడు.

"సైన్యం నాది కాదు సార్, పేషెంటుది. అన్ని జ్వరాల్లోనూ పెరగవు. టైఫాయిడ్‌లో తగ్గుతాయి. ఇది టైఫాయిడే."

వార్డు సిస్టర్ కేరళావిడ, ఆ ప్రాంతంలో ఎన్నో ఏళ్ళుగా జ్వరాలను చూసి చూసి విసిగిపోయిన మనిషి. అటుగా వెళుతూ తలుపులోంచి తల పెట్టి, "మలేరియా," అని ఒక్క మాట అని పోయింది. మలేరియాలో కూడా తగ్గుతాయి. స్లైడ్ మీద వెతికితే మలేరియా పురుగు దొరికింది. నేను ఓడిన వాదనల్లో అదొకటి. మిగతావి గుర్తులేవు.

మలేరియాకు మందు మొదలైంది. జ్వరం దిగడం మొదలైంది. అప్పుడు చూడాలి మా దవాఖానాలో సంబరం! ఆ దిగిన జ్వరానికి వాటాదార్లు బయలుదేరారు. తన ఇంజెక్షనే దించిందని డాక్టరు. తడిబట్టతో తుడిచి తుడిచి తానే దించానని సిస్టర్. మహాకాళి గుడికి వెళ్ళి మొక్కుకున్నాను కనుక దిగిందని చిన్నమ్మ. అల్లుళ్ళిద్దరూ పైకి ఏమీ అనలేదు కానీ, మంచానికి చెరో పక్కన కూర్చుని, తమ వల్లే అన్నట్టు చెరో నవ్వు నవ్వారు. ఆ నవ్వుల సంగతి నేను అప్పుడే అడిగి ఉంటే ఇంత పొడుగు రాయాల్సిన పని ఉండేది కాదు.

జ్వరం దిగింది. తెల్లకణాలు ఇంకా దిగాయి.

పున్హా మోజా. లెక్కపెట్టాను. ఇంకా తక్కువ. పున్హా మోజా. జ్వరం దిగినందుకు అంతమందికి పేరొచ్చింది, కణాలు దిగినందుకు మాత్రం ఊరంతా వెతికి నన్నొక్కదాన్నే పట్టుకున్నారు. "నీ మందునీళ్ళు పాడైపోయాయేమో, నీ కళ్ళద్దాలు మార్చాలేమో," అన్నాడు డాక్టరు. నాకు ఒళ్ళు మండింది.

"చెయ్యి ఇవ్వండి సార్," అన్నాను.

"ఎందుకు?"

జవాబు చెప్పకముందే ఆయన వేలికి సూది గుచ్చేశాను. అదే మందునీళ్ళు, అదే పలక, అవే కళ్ళద్దాలు. ఆయన రక్తం లెక్కపెట్టి ఎదురుగా పెట్టాను. "మీ సైన్యం నిండుగా ఉంది సార్. కూర్చుని తింటున్నట్టుంది."

సిస్టర్ అక్కడ లేకపోతే నాకు ఆ రోజే స్వచ్ఛంద విరమణ అయ్యేది. ఆమె పకపకా నవ్వేసరికి డాక్టరు కూడా నవ్వాల్సి వచ్చింది. కానీ నమ్మకం కుదరలేదు. కాక రక్తాన్ని పెద్ద దవాఖానాకు పంపించాడు. అక్కడి నుంచి వచ్చిన అంకె నా అంకె కంటే తక్కువే ఉంది. ఆ కాగితం చూశాక ఆయన మొహంలో నవ్వు పోయింది. నాకు గెలిచిన సంతోషమూ పోయింది.

ఎందుకో చెప్పాలి. ఆ కణాలు లేని ఒంట్లోకి ఏది దూరినా ఆపేవాడుండడు. అందరికీ వచ్చే గొంతునొప్పి కూడా ఆ మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. కాకకు అప్పటికే గొంతునొప్పి మొదలైంది. నోట్లో పుళ్ళు. తడిబట్టతో దిగే జ్వరం మళ్ళీ పైకెక్కుతూ, మళ్ళీ దిగుతూ ఆటలాడుతోంది. రక్తం తీయడానికి నేను వెళితే నన్నే అడిగాడు.

"బిడ్డా, నా తెల్లయి తక్కువైనయంట? యాడికి వోయినయి?"

"నాగా పెట్టినయి కాకా." గనిలో పని ఎగ్గొట్టడాన్ని నాగా అంటారు.

"నేను గింత నౌకరి జేసి ఊకూకె నాగా పెట్టలే. నా రక్తానికి ఏం రోగం?" అని, గొంతునొప్పికి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, అల్లుళ్ళకు వినబడకుండా, "నన్ను అన్‌ఫిట్ జెయ్యనియ్యకు బిడ్డా. ఇంజను దగ్గర నిలవడ్తెనే నేను మనిషిని. ఇంట్ల వరండలనే ఉన్న," అన్నాడు.

ఆయన తన కోసం ఏదైనా అడగడం నేను మొదటిసారి విన్నాను.  

డాక్టరు ఇప్పుడు రెండో చివరకు వెళ్ళాడు. మొదట ల్యాబ్ తప్పన్నవాడు, ఇప్పుడు రక్త క్యాన్సరేమో అని సిస్టర్ చెవిలో అన్నాడు. నాగపూర్ పంపిద్దాం, ఎముకలోంచి మజ్జ తీసి చూడాలి, తర్వాత బోర్డు అన్నాడు. సిస్టర్ చెవిలో పడిన మాట ఆమెను దాటదు. కానీ వరండాలో ఊడుస్తున్న మనిషికీ చెవులుంటాయి. నేను వార్డు నుంచి ల్యాబ్‌కు నడిచి వెళ్ళేలోపల మాట కాలనీ చేరిపోయింది.

అల్లుళ్ళిద్దరూ ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, నేను చూశాను. ఆ కన్నీళ్ళ వెనకే లైటు బిగించిన గని టోపీ కూడా మెరుస్తూ కనిపించింది నాకు. మనసులో రెండూ ఒకేసారి ఉండొచ్చని ఒప్పుకోవడానికి అప్పటి నా వయసు చాల్లేదు.

ఇక సేవలు మొదలయ్యాయి. తెల్లకణాలు తగ్గాయి కనుక తెల్లనివి తినిపించాలని ఎవరో అన్నారు. పెద్దల్లుడు పొద్దున్నే గేదెపాలు తెచ్చాడు. చిన్నల్లుడు పెరుగు తెచ్చాడు. ఇతను కొబ్బరి తెస్తే అతను గుడ్డులో తెల్లసొన తెచ్చాడు. ఇతను బ్రెడ్డు తెస్తే, అతను బ్రెడ్డు అంచులు కత్తిరించి తెచ్చాడు, అంచులు నల్లగా ఉంటాయని. చిన్నమ్మ తెచ్చిన మిరియాల చారును ఇద్దరూ కలిసి గుమ్మంలోనే ఆపేశారు. వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

"నల్లగున్నదత్తమ్మా, వద్దు," అన్నాడు పెద్దాయన.

"నీ మామ ఇన్నేండ్లు బొగ్గు దిన్నడు, నల్లగైండా లోపల? జరుగు పక్కకు!" అంది చిన్నమ్మ.

మర్నాడు పొద్దున నాగపూర్ జీపు వచ్చి నిలబడింది. బయలుదేరే ముందు తన కళ్ళెదుట ఒకసారి రక్తం తీయాలన్నాడు డాక్టరు. నేను సామాను పట్టుకుని వార్డుకు వెళ్ళేసరికి లోపల యుద్ధం నడుస్తోంది. జీపులో పేషెంటు పక్కన ఒక్కరికే చోటు. నాగపూర్‌లో పక్కనుండి సంతకం పెట్టినవాడే రేపు బోర్డు ముందు కూడా నిలబడతాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. చిన్నమ్మ ఎందుకు వెళ్ళకూడదని ఎవరూ అనుకోలేదు. చిన్నమ్మ మాత్రం అప్పటికే వెళ్ళి జీపులో కూర్చుంది, అది వేరే సంగతి.

"పెద్దల్లున్ని నేను. హక్కు నాది," అంటున్నాడు పెద్దాయన.

"హక్కు కాదే, జూసుకునేటోడు గావాలె. మామకు నేనంటేనే నమ్మకం," అంటున్నాడు చిన్నాయన.

మధ్యలో మంచం మీద కాక. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. సూది గుచ్చుదామంటే వీళ్ళ అరుపులకు మంచం ఊగుతోంది. నాకు పట్టలేనంత కోపం వచ్చింది.

"అల్లుడుగార్లూ, జెర ఆగుండ్రి. జూసుకునేటోడు, జూసుకునేటోడు అంటుండ్రు. ఏం జూసుకున్నరు? మందు డాక్టరిచ్చె, ఒళ్ళు సిస్టర్ తుడిచె, మొక్కు చిన్నమ్మ మొక్కె. మీరిద్దరు గీ మంచానికి చెరో కోడు లెక్క నిలవడుడు తప్ప ఏం జేసిండ్రో ఒక్కటి చెప్పుండ్రి. ఒక్కటి!"

పెద్దల్లుడికి రోషం వచ్చింది. "ఏం జెయ్యలేదా వదినె? జరం ఎవరు దించిండ్రనుకున్నవ్? డాక్టరా? పొద్దున మాపు నేను గోలి ఏస్తేనే దిగింది మామ జరం!"

"నీ గోలితోనా?" చిన్నల్లుడు నవ్వాడు. "నువ్వు అటు పోంగనే నేను గోలి ఏసిన. దాంతోని దిగింది. నీ గోలి ఒట్టి సున్నం."

"నీదే సున్నం! నాది దుర్గాపూర్ మెడికల్ల తెచ్చిన అసలు గోలి."

"నాది గూడ ఆడ్నే తెచ్చిన!"

 చేతిలో తడిబట్ట ఉన్న సిస్టర్ నెమ్మదిగా దగ్గరకు వచ్చింది. "ఏం గోలి?" అంది. వాళ్ళకింకా అర్థం కాలేదు. పందెంలో గెలవబోతున్నవాడి హుషారుతో పెద్దాయన చొక్కా జేబులోంచి ఒక గోలీల పట్టీ తీశాడు. తక్కువ తినకూడదని చిన్నాయన ప్యాంటు జేబులోంచి ఇంకొకటి తీశాడు. రెండూ ఒకటే. అనాల్జిన్. జ్వరానికీ ఒళ్ళు నొప్పులకూ అప్పట్లో చీటీ లేకుండా ఎవరికి పడితే వారికి ఇచ్చే బిళ్ళ. చాలామందికి ఏమీ కాదు. ఏ కొద్దిమందికో ఒంటికి పడక తెల్లకణాల్ని తుడిచిపెట్టేస్తుంది. బయటి మందు ఒక్కటి కూడా ఇవ్వొద్దని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. అందుకే ఎవరికి వారు దొంగచాటుగా ఇచ్చారు.

నేను కాక వైపు తిరిగాను. "కాకా, నువ్వు ఇద్దరియి మింగినవా?"

ఆయన పుండ్లుపడిన నోటితో, తప్పేమిటో తెలియనట్టు నా మొహం చూశాడు. "ఒకనిది మింగి ఒకనిది ఉమ్మేస్తే ఇంట్ల లొల్లి గాదా బిడ్డా?"

ఎవరికీ కాదని చెప్పలేడని మొదటే రాశాను కదా!

గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. లోపలికి వచ్చి ఆ రెండు పట్టీలనూ తీసుకుని, తిప్పి చూసి, కోటు జేబులో వేసుకున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. సిస్టర్‌తో గబగబా మరాఠీలో ఏవేం ఆపాలో, ఏవేం మొదలుపెట్టాలో చెప్పాడు. జీపును వెనక్కి పంపమన్నాడు. ఇలాంటి ఒంటితో అంతదూరం దుమ్ములో వెళితే దారిలోనే ఏదైనా అంటుకుంటుందని, ఈ ఒక్కచోట అతను నాకంటే ముందు ఆలోచించాడు. కుర్రాడు అసలైనవాడే. తనకు నచ్చిన అంకె కోసం చూసినంతసేపే వెధవాయిలా ఉండేవాడు.

కాకను చివరి గదిలో ఒక్కణ్ణే ఉంచారు. లోపలికి సిస్టర్, డాక్టరు, సూది పట్టుకుని నేను. చిన్నమ్మకు కూడా మూతికి గుడ్డ కట్టుకుంటేనే ప్రవేశం. అల్లుళ్ళిద్దరూ కిటికీ బయట వేపచెట్టు కింద నిలబడేవాళ్ళు, ఒకరి పక్కన ఒకరు.  చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఊరికే రుద్దుకునేవాళ్ళు. నేను అటుగా వెళుతుంటే పెద్దాయన, "వదినె, మేం మంచికే ఇచ్చినం గద?" అన్నాడు.   చిన్నాయన ఏడుస్తున్నాడు. ఈసారి ఆ కన్నీళ్ళ వెనక టోపీ కనిపించలేదు.

గోలీ ఆపగానే కణాలు వచ్చేస్తాయని అనుకోకండి. రోజూ పలక మీద చూస్తే గడులన్నీ ఖాళీ. సమ్మె రోజు గని దగ్గర హాజరు పలికినట్టు ఉండేది. డాక్టరు గుమ్మంలోకి వచ్చి నా మొహం చూసి వెళ్ళిపోయేవాడు. పున్హా మోజా అనడం కూడా మానేశాడు. ఆ మాట లేక ల్యాబ్‌లో నాకు ఏమీ తోచేది కాదు.

ఒక పొద్దున చూపు సరిచేసుకుని మైక్రోస్కోపులోకి వంగితే, మూలగడిలో ఒకటి. పక్కగడిలో రెండు. గీత మీద ఒకటి కూర్చుని ఉంది, లెక్కలోకి రాని వైపున. దాన్ని కూడా కలిపేసుకుందామా అనిపించింది నాకు. కలపలేదు. కలపకుండానే నిన్నటి కంటే ఎక్కువ. డాక్టరును పిలిచాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని తనే లెక్కపెట్టాడు. పెదవులు కదుపుతూ, చిన్నపిల్లాడిలా. లేచి కళ్ళు తుడుచుకుని, నా వైపు చూసి, "పున్హా మోజా!" అన్నాడు. ఆ పూటంతా మేమిద్దరం వంతులేసుకుని అదే రక్తాన్ని లెక్కపెట్టాం. సిస్టర్ వచ్చి ఇద్దర్నీ తిట్టి పంపింది.

కాక బోర్డుకు వెళ్ళలేదు. ఇంటికి వెళ్ళాడు. ఆయన కంటే ముందే చిన్నమ్మ ఇంటికి వెళ్ళి, రెండు గదుల్లోని పెట్టెలనూ తెచ్చి వరండాలో పెట్టింది. రోజూ కాక పడుకునే చోటే. కూతుళ్ళిద్దరూ ఏడుపు మొదలుపెట్టారు. ఆమె అరిచింది చూడండి, గనిలో సైరన్ కూడా అంత గట్టిగా మోగదు.

"ఏడ్వుండ్రి. ఇద్దరు ఒక్కపారే ఏడ్వుండ్రి, తక్లీఫ్ లేదు. బోర్డు వెట్టిన నేను. మీ నాయిన ఫిట్. ఇగో, గీ ఇద్దరల్లుండ్లు అన్‌ఫిట్. ఒకరు చేనుకు వోండ్రి, ఒకరు డబ్బ తెరువుండ్రి. పండుగకు రాండ్రి, అన్నం వెడ్త."

వెళ్ళారు. ఆ ఏడు పత్తి బాగా వచ్చిందని విన్నాను. మాజ్రిలో రైలు దిగినప్పుడల్లా నాకు ఆ డబ్బాలో మీఠా పాన్ ఉచితంగానే దొరికేది. నా నోరు కాసేపు మూతపడుతుందని ఇస్తున్నాడేమోనని ఒక అనుమానం.

ల్యాబుల్లో చేరే పిల్లలకు చెప్పదలిచింది పెద్దగా ఏమీ లేదు. మిషన్ ఇచ్చిన అంకె తక్కువగా ఉంటే మిషన్‌ను మళ్ళీ నడిపించండి, తప్పు లేదు. ఆ తర్వాత లేచి వార్డు దాకా నడవండి. మంచం పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. వాళ్ళతో కాస్త తగవు పెట్టుకోండి. ఇది మీ కోర్సులో ఉండదు.

మళ్ళీ వానాకాలం చివర్లో ఒకనాడు ల్యాబ్ గుమ్మంలో కాక నిలబడి ఉన్నాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు, చేతులకు ఇంజను నూనె. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. మళ్ళీ జ్వరం. కబురు తెలిసి రాజురా నుంచి ఒకరు, మాజ్రి నుంచి ఒకరు పరుగెత్తుకొచ్చినట్టున్నారు, ఆయన వెనకే ఇద్దరల్లుళ్ళు. చొక్కా జేబులు, ప్యాంటు జేబులు అన్నీ లోపలి గుడ్డ బయటికి తిరగేసుకుని, బడి గుమ్మంలో పిల్లల్లా నిలబడ్డారు.

కాక స్టూలు మీద కూర్చుని వేలు ముందుకు చాపాడు.

"ఇద్దరి జేబులు నేనే జూసిన బిడ్డా. ఏం లెవ్వు. ఇగ గుచ్చు."